వంటయింటి లెక్కలో వ్రాయని పద్దు

ఓరుగంటి వీథులలో దినమంతయు తిరిగిన ఇద్దరు మిత్రుల కథ తెలుగు చదువుకొనిన వారికి క్రొత్త కాదు. క్రీడాభిరామము పదునైదవ శతాబ్ది నాటి వీథినాటకము. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఈ కృతి శ్రీనాథునిదే యని వాదించిన పండితులును కలరు. ఆ తగవు ఇచట అక్కఱలేదు. ఊరు చూచుచు చూచుచు ఆకలిగొనిన గోవింద మంచనశర్మకును టిట్టిభసెట్టికిని పూటకూటి యిల్లు గుర్తునకు వచ్చును. ఒక్క రూకకు అచట ఎట్టి భోజనము దొరకునో కవి పట్టిక వ్రాసినట్లు చెప్పెను. మేలిరకపు బియ్యపు అన్నము, గోధుమపిండితో చేసిన వంటకము, చక్కెర, అప్పుడే కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు రకములు, చివరకు గడ్డపెరుగు. సురవరము ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు ఇట్టి పద్యములే ఆధారములైనవి. రాజుల చరిత్రకు శాసనములు చాలును గాని జనుల చరిత్రకు విస్తరాకును కూడ చదువవలసి యుండును.

ఆ పట్టికను చదివిన విద్యార్థికి నోరూఱుట సహజము. ఉపాధ్యాయుడు గమనింపవలసినది వేఱొకటి కలదు. ఆ మిత్రులిద్దరును ఊరు చూడవచ్చినవారు. ఆ పూట వారికి ఓరుగంటిలో పొయ్యి లేదు, కుండ లేదు, వండి పెట్టువారు లేరు. పూటకూళ్ళు పుట్టినది బాటసారి కొఱకు, పరదేశి కొఱకు, ఒంటరివాని కొఱకు. సొంత గడప గల గృహస్థు పూటకూటికి పోయినచో ఆ యింట ఏమి జరిగినదో యని ఇరుగుపొరుగువారు ఆరా తీయుచుండిరి. నేడు సొంత యింట, సొంత పొయ్యికి నాలుగు అడుగుల దూరమున కూర్చుండి, చేతిలోని ఫోనుతో పూటకూడు తెప్పించుకొను గృహస్థు తన యూరిలో తానే బాటసారి యైనాడు. తలుపు తట్టి పొట్లము అందించిపోవు కుఱ్ఱవాడు అతనికంటె నయము. వానికి కనీసము ఇల్లు చేరవలెనన్న తొందర యుండును.

పూటకూటి వృత్తిని తూలనాడుటకు ఈ మాట చెప్పుట లేదు. టంగుటూరి ప్రకాశము పంతులు బాల్యముననే తండ్రిని కోల్పోగా, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పెంచెను. ఆ బిడ్డ 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను. పదిమందికి వండి వడ్డించి, అందు మిగిలిన దానితో కొడుకును చదివించిన ఆ తల్లి శ్రమ ఏ వృత్తికిని తీసిపోదు. నేటి హోటలు పనివారి శ్రమయు అంతే. ప్రశ్న వారిని గూర్చినది కాదు, తినువారిని గూర్చినది. తండ్రి పంపు పైకములో ప్రతి రూపాయిని చూచి చూచి వ్యయపఱుపవలసిన విద్యార్థియు, నెల జీతముతో ఇల్లు నడుపు ఉపాధ్యాయుడును, పరదేశికి ఏర్పడిన ఆ సదుపాయమును నిత్యకృత్యము చేసికొనుట లాభమా, నష్టమా?

వాదము కంటె లెక్క మేలు. ధరలు ఊరూరికి, నెలనెలకు మాఱుచుండును గనుక ఈ అంకెలను చదువరి తన యూరి అంకెలతో దిద్దుకొనవచ్చును. ఒక మనిషి ఒక పూటకు 150 గ్రాముల బియ్యము వండుకొనునని, కిలో 60 రూపాయలని అనుకొనినచో బియ్యమునకు 9 రూపాయలు. 40 గ్రాముల కందిపప్పునకు కిలో 160 చొప్పున 6 రూపాయల 40 పైసలు. 150 గ్రాముల కూరగాయలకు కిలో 60 చొప్పున 9 రూపాయలు. పెరుగునకు 8. నూనె, చింతపండు, ఉప్పు, కారము, పోపు దినుసులు, గ్యాసు అన్నియు కలిపి 10. మొత్తము 42 రూపాయల 40 పైసలు; 43 అని వేసికొనవచ్చును. ఇంచుమించు ఇట్టి భోజనమునకే మెస్సులో 100 రూపాయలు పుచ్చుకొనినచో పూటకు తేడా 57 రూపాయలు. దినమునకు రెండు పూటల చొప్పున 30 దినములకు ఆ తేడా 3,420 రూపాయలగును. పట్టణమున గది తీసికొని పోటీ పరీక్షలకు చదువుచున్న పిల్లవానికి ఇది చిన్న మొత్తము కాదు. నలుగురు కలిసి యుండు గదిలో వాని వంతు అద్దె పెక్కు చోట్ల ఈ తేడాతోనే తీఱిపోవును. భోజనమును గడప వద్దకే తెప్పించుకొను అలవాటున్నచో పొట్లము కట్టినందులకు కొంత, మోసి తెచ్చినందులకు కొంత, పన్ను కొంత చేరును.

ఉదయపు ఫలాహారపు లెక్క ఇంకను విడ్డూరముగా నుండును. ఒక గ్లాసు మినపప్పును నానవేసి రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలిపినచో పాతిక ఇడ్లీలకు తక్కువ కావు. అదే పిండి మఱునాడు దిబ్బరొట్టె యగును, మూడవనాటికి కొంచెము పులిసినను ఉల్లిపాయ తఱిగి వేసి అట్టు పోసికొనవచ్చును. బండి వద్ద నిలబడి నాలుగు ఇడ్లీలు తినువాడు, ఆ నాలుగింటికి ఇచ్చిన సొమ్ముతో ఇంట ఎన్ని ఇడ్లీలగునో ఒక్కసారి కాగితము మీద వేసి చూచుకొనవలెను.

ధనము మాట ఒప్పుకొనువారు కూడ కాలము మాట వచ్చునప్పటికి తల అడ్డముగా ఊపుదురు. వంట చేసికొని కూర్చుండినచో చదువెప్పుడు, ఉద్యోగమెప్పుడు అందురు. వంటకు పట్టు కాలమును ఒకే ముద్దగా లెక్కించుటలోనే ఆ పొరపాటు కలదు. అందు రెండు కాలములు ఇమిడి యున్నవి. పొయ్యి పనిచేయు కాలము ఒకటి, చేయి పనిచేయు కాలము ఒకటి. పాలు తోడు పెట్టుటకు అరనిమిషము చాలును. అవి పెరుగగుటకు రాత్రి యంతయు పట్టును. ఆ రాత్రి హాయిగా నిద్రించినవాడు పెరుగు చేయుటకు ఎనిమిది గంటలు శ్రమించితినని చెప్పుకొనడు గదా. మినపప్పు నానుటయు, పిండి పులియుటయు అట్టివే. కుక్కరులో క్రింది గిన్నెయందు నానిన కందిపప్పును, పై గిన్నెయందు కడిగిన బియ్యమును పెట్టి మూత బిగించుటకు పది నిమిషములు పట్టును. అటుపిమ్మట అది కూయు వఱకు మనిషి అచట కావలి యుండనక్కఱలేదు. ఆ వ్యవధిలో వంకాయలు తఱుగవచ్చును, లేదా ఒక సంధిసూత్రము వల్లె వేయవచ్చును.

ఈ కుక్కరును వంటయింటి వస్తువుగనే చూచి విడిచిపెట్టుట తగదు. భౌతికశాస్త్రము బోధించువారికి ఇంతకంటె మంచి పరికరము దొరకదు. మూత లేని గిన్నెలో నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గఱ మరుగును. ఎంత మంట పెట్టినను ఆ వేడి పెరుగదు, ఆవిరి మాత్రమే పెరుగును, గ్యాసు మాత్రమే తఱుగును. ఆవిరిని బంధించినచో లోపలి ఒత్తిడి పెరిగి నీటి వేడి 120 డిగ్రీల సమీపమునకు చేరును. పప్పు త్వరగా ఉడుకుటకు అదియే కారణము. డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి విద్వాంసుడు 1679లోనే ఈ సూత్రముతో పనిచేయు పాత్రను లండనులోని రాయల్ సొసైటీ వారికి చూపెను. వంగదేశమున ఇందుమాధవ మల్లిక్ 1910 ప్రాంతమున ఇక్మిక్ కుక్కరు అను నొక సాధనమును కల్పించెను. ఒకదానిపై నొకటి పేర్చిన గిన్నెలు, వాని క్రింద చిన్న బొగ్గుల పొయ్యి. అన్నము, పప్పు, కూర ఆవిరిమీద తమంత తామే ఉడుకును. వండిపెట్టువారు లేక ఒంటరిగా నుండువారికి అది గొప్ప ఆసరా.

పొయ్యి కాలమును, చేతి కాలమును వేఱుచేయు ఈ రహస్యము తెలుగింటి ముత్తవ్వలకు పాపిన్ పేరు వినకయే తెలియును. ఎండకాలమున ఒక్క దినము శ్రమపడి ఆవకాయ కలిపినచో మఱుసటి మామిడికాయ వచ్చు వఱకు జాడీలో తఱుగని నిధి యుండును. మాగాయ, చింతకాయ పచ్చడి, గోంగూర, ఉసిరిక. ఎండబెట్టిన గుమ్మడి వడియములు, మజ్జిగలో ఊఱవేసి ఎండించిన మిరపకాయలు. సీసాలలో కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు కారము. కూర లేని పూటను దాటించుటకు ఇన్ని ఏర్పాట్లు చేసికొనిన జాతి మఱియొకటి యున్నదో లేదో గాని, వేడి యన్నములో కందిపొడియు నేయియు కలిపికొని తినువాడు ఆ పూట వంటకు వెచ్చించిన కాలము అన్నము ఉడికిన కాలము మాత్రమే. రాత్రి మిగిలిన అన్నమునకు మజ్జిగ పోసి ఉంచిన చద్దియు అట్టిదే. పొలమునకు పోవు రైతునకు, బడికి పోవు పిల్లవానికి తెల్లవాఱగనే అది సిద్ధముగా నుండెడిది. దానికొఱకు ఎవరును పెందలకడ లేచి పొయ్యి రాజేయనక్కఱలేకుండెను. ప్రయాణములకు పులిహోర కట్టుకొనుటలోని తెలివియు అట్టిదే. చింతపండు పులుపు, ఉప్పు, నూనె కలిసి అన్నమును మఱునాటి వఱకు కాపాడును.

ఈ నిలవ పద్ధతిని విడిచిపెట్టి, ప్రతి పూటయు శూన్యము నుండి వంట మొదలుపెట్టువానికి వంట నిజముగనే భారమగును. హోటలువాడు అట్లు చేయడు. వాని పిండి ముందునాడే రుబ్బబడి యుండును, ఉల్లిపాయలు తెల్లవాఱుజామునకే తఱుగబడి యుండును, గ్రేవీ పెద్ద పాత్రలో ముందే కాగి యుండును. అడిగిన ఐదు నిమిషములలో పళ్ళెము వచ్చుటకు వెనుక ఐదు గంటల సన్నాహము కలదు. ఇంటివంటకు కాలము చాలదనువారు హోటలువానితో పోటీ పడుచున్నారు గాని వాని సన్నాహమును మాత్రము నేర్వలేదు.

ఇటీవలి దశాబ్దములలో తెలుగు పట్టణములు ఒక మధ్యమార్గమును కనిపెట్టినవి. దానికి కర్రీపాయింటు అని పేరు. అన్నము ఇంట వండుకొని, కూర, పప్పు, సాంబారు చిన్న చిన్న పొట్లములలో తెచ్చుకొందురు. పూర్తిగా పూటకూడు కాదు, పూర్తిగా ఇంటివంటయు కాదు. ఇద్దరును ఉద్యోగమునకు పోవు ఇండ్లకు ఇది కొంత ఊరట యనుట కాదనరానిది. కాని పొట్లమువాడు ఒక్క రుచినే ఊరందఱికిని అమ్మును. పుట్టింటి పులుసులో బెల్లము వేయుదురా, వేయరా. పప్పులో పోపునకు వెల్లుల్లి యా, ఇంగువ యా. ఈ భేదములన్నియు ఆ పొట్లములో సమసిపోవును. ఇదొక సాహిత్యపు బెంగ వంటిదే గనుక దీనిని ఇంతటితో విడుచుట మేలు. ఆరోగ్యపు మాట అంత తేలికగా విడువదగినది కాదు. వేయించిన నూనెనే మరల మరల వాడినచో అందు చెడుపదార్థములు పెరుగును. అట్టి పదార్థముల పాలు 25 శాతమునకు మించిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలై 1 నుండి దేశమున నియమము కలదు. నియమము పాటించు వర్తకులును కలరు. కాని బజ్జీ కొనువాడు బాణలిలోని నూనె ఎన్ని దినముల నాటిదో చూచి తెలిసికొనలేడు. ఇంట నున్నవానికి ఆ సంగతి చూడకయే తెలియును.

విద్యార్థుల మాట కొంచెము విస్తరించి చెప్పవలసి యున్నది. తెలుగునాట చదువునకును తిండికిని మొదటినుండి పేచీయే. ఒక తరమున పేదపిల్లలు వారములు చేసికొని చదివిరి. సోమవారము ఒక యింట, మంగళవారము మఱియొక యింట, అట్లు ఏడు గడపలు పట్టి ఏడు దినముల అన్నము సంపాదించుకొనెడివారు. ఒక గృహిణి ఊరికి పోయినచో ఆ దినము పస్తు. అభిమానము గల మఱికొందఱు స్వయంపాకమును ఎంచుకొనిరి. ఒక గది, ఒక కుంపటి, ఒక సత్తుగిన్నె, ఇంటి నుండి వచ్చిన బియ్యపు మూట, జాడీలో ఆవకాయ. అటుపిమ్మట వచ్చిన వసతి గృహములు ఆ కష్టమును చాల వఱకు తీర్చినవి. కాని ఉద్యోగ పరీక్షల కొఱకు నగరములకు చేరి గదులలో నుండు యువకులకు నేడు వారములును లేవు, స్వయంపాకమును రాదు. ఉదయము టీతోను, మధ్యాహ్నము ఏదో ఒక పొట్లముతోను, రాత్రి నూడుల్సుతోను గడుపువారు కలరు. పొదుపు పేరిట వారు మొదట మానుకొనునది పండు, రెండవది పెరుగు.

అట్టి గదిలో నలుగురున్నారని అనుకొనినచో, వంటకు, గిన్నెలు తోముటకు కలిపి దినమునకు ఒక గంట పట్టినను వారమునకు ఏడు గంటలు. వంతులు వేసికొనినచో ఒక్కొక్కనికి గంటా ముప్పావు. మెస్సునకు పోయి, వరుసలో నిలబడి, తిరిగి వచ్చుటకు పూటకు ఇరువది నిమిషములు పట్టినచో, తినుకాలము కాక, ఒక్కొక్కడు వారమునకు నాలుగు గంటల నలువది నిమిషములు పోగొట్టుకొనుచున్నాడు. సంతకు పోయి కూరగాయలు తెచ్చు కాలమును కలిపినను మొగ్గు గదివైపే యుండును. ఒక్కడే యున్నచో ఈ లెక్క తలక్రిందులగును. ఆ సంగతి దాచుట న్యాయము కాదు. ఒక్కని కొఱకు కొనిన సొరకాయ సగము ఎండిపోవును, కొత్తిమీర కుళ్ళిపోవును, ఒకే గంట ఒక్కని మెడకే పడును. ఒంటరివానికి ఒక పూట వంట, ఒక పూట మెస్సు ఉచితముగా నుండును. రాత్రి విధులు చేయువారికి, పొయ్యి పెట్టుకొననీయని గదులలో నుండువారికి ఈ బోధ చెప్పుటయు వ్యర్థమే. ఇంటివంటలోని పొదుపునకు మూలము ఇల్లు కాదు, ఉమ్మడితనము.

ఆ ఉమ్మడితనము గదులలో నుండు కుఱ్ఱవాండ్రకు తెలిసినంతగా ఇండ్లలో నుండు పెద్దలకు తెలియుట లేదు. ఇంతవఱకు వేసిన లెక్కలో వ్రాయని పద్దు అదియే. భోజనమునకు 43 రూపాయలని వేసినప్పుడు బియ్యమునకు వెల కట్టబడినది, గ్యాసునకు వెల కట్టబడినది. వండిన చేతికి వెల కట్టబడలేదు. గదిలో నలుగురు వంతులు వేసికొనినప్పుడు ఆ వెల నలుగురిలోను సర్దుబాటగును గనుక వ్రాయకపోయినను నష్టము లేదు. ఇంట అది ఒక్కరి మీదనే పడుచున్నప్పుడు, ఇంటివంట వలన కాలము మిగులునని చెప్పు మాటకు అర్థమేమి? మిగిలినది ఎవరి కాలము, కరిగినది ఎవరి కాలము?

జాతీయ గణాంక కార్యాలయము వారు 2024లో జరిపిన కాలవినియోగ సర్వేక్షణ ప్రకారము, దేశమున జీతము లేని యింటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు వానికి వెచ్చించుచున్నారు. ఆ పనులలో పాలుపంచుకొను పురుషులు వెచ్చించునది 88 నిమిషములు. 2019లో ఈ అంకెలు 299, 97. వంటయే కాక ఊడ్చుట, ఉతుకుట మొదలగునవియు ఇందు చేరి యున్నవి. అసలు పాలుపంచుకొనని పురుషులు ఈ సగటులో లేనే లేరు; 2019 సర్వేక్షణలో ఆ పనులు చేయు పురుషులు నూటికి ఇరువది ఆఱుగురు మాత్రమే. దాదాపు ఐదు గంటలనగా బడిలో ఒక ఉపాధ్యాయుడు పాఠములు చెప్పు కాలమునకు తక్కువ కాదు. ఉపాధ్యాయురాలి విషయమున ఈ రెండును కలిసి వచ్చును. తెల్లవాఱుజామున లేచి వండి, నాలుగు డబ్బాలు సర్ది, బడికి వచ్చి ఏడు పీరియడ్లు చెప్పి, సాయంకాలము మరల పొయ్యి ముట్టించు ఆమెతో ఇంటివంట పొదుపని చెప్పువాడు ముందు ఆ డబ్బాలు ఎవరు తోముచున్నారో చెప్పవలెను.

విద్యార్థినుల సంగతి ఇంకను కఠినము. పరీక్షలు దగ్గఱ పడినప్పుడు అన్నను గదిలో కూర్చుండబెట్టి తలుపు దగ్గఱకు వేయుదురు. అదే తరగతిలో, అదే పుస్తకములు చదువుచున్న చెల్లెలిని మాత్రము ఒక్క క్షణము వచ్చి పోపు చూడుమందురు. ఆ ఒక్క క్షణము పప్పు చారు వఱకు, చారు విస్తళ్ళ వఱకు సాగును. ఎవరును ఆ బాలికపై కత్తి కట్టలేదు; పని పిల్లకు రావలెనను వాత్సల్యమే అందఱిదియును. పిల్లవానికి పని రావలెనను వాత్సల్యము మాత్రము ఎవరికిని పుట్టదు. ఈ దేశమున పొదుపు పాఠము అన్నిటికంటె ముందు ఈ బాలికల చదువుగంటల నుండియే పొదుపు చేయుచున్నది.

పురుషునకు వంట తగదనుటకు సాహిత్యమున ఆధారము వెదకువారు నిరాశ చెందుదురు. మంచి వంటకు తెలుగువారు పెట్టుకొనిన పేరే నలభీమపాకము. ఆ ఇద్దరును పురుషులే, క్షత్రియులే. బాహుకుడను పేర దాగియున్న నలుని దమయంతి గుర్తుపట్టుటకు అతడు వండిన వంట రుచియు ఒక ఆనవాలయ్యెను. విరటుని కొలువున వలలుడై వంటశాలను ఏలిన భీముని వృత్తాంతము తిక్కన చేత పడి ఎంత రక్తి కట్టినదో విద్యార్థులెఱుగుదురు. ఐనను ఒక్క సంగతి. ఆ ఇద్దరును వండినది దాగియుండు కాలమున. దాపరికము తీఱగనే గరిటె విడిచిరి. దినదినము వండిన ద్రౌపదికి గాని, సుదేష్ణ యింటి దాసికి గాని, ఊరు పేరు లేని కోట్ల గృహిణులకు గాని భాషలో అట్టి సమాసమొక్కటియు పుట్టలేదు. అప్పుడప్పుడు చేసినవారికి బిరుదు దక్కినది, అనుదినము చేసినవారికి అలవాటు దక్కినది.

పూటకూళ్ళమ్మ పేరు ఎత్తగనే తెలుగువారికి కన్యాశుల్కము గుర్తునకు వచ్చును. సంతలో సామాను కొనితెత్తునని చెప్పి ఆమె వద్ద ఇరువది రూపాయలు పుచ్చుకొని, ఆ పైకమును మధురవాణి పాలు చేసిన గిరీశమును చూచి ప్రేక్షకులు నూఱేండ్లకు పైగా నవ్వుచున్నారు. నవ్వవలసినదే. కాని ఆ ఇరువది రూపాయలు పదిమందికి వండి పెట్టుటకు దాచుకొనిన సరకుల సొమ్ము. వండిన చేతి లెక్కను వ్రాయకుండుటలో గిరీశమునకు వారసులు నేటి మంచి కుటుంబములలోను కలరు. వారు డబ్బు కాజేయరు, కాలము కాజేయుదురు. అందును వారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

వంట నేర్చుట వారి వలన కాని పని యేమియు కాదు. అన్నము వార్చుట, పప్పు ఉడికించి పోపు పెట్టుట, ఒక వేపుడు, ఒక చారు. ఈ నాలుగును వచ్చినవాడు ఏ యూరికి పోయినను ఆకలితో నుండడు. పది దినములలో వచ్చు విద్య ఇది. మొదటి దినము చారులో ఉప్పు హెచ్చగును, రెండవ దినము ఆవాలు మాడును, నాలుగవ దినమునకు చేతికి కొలత తెలియును. లెక్కల ఉపాధ్యాయుడు నిష్పత్తిని చెప్పునప్పుడు బియ్యమునకు నీటి కొలతను, విజ్ఞానశాస్త్ర బోధకుడు పులియుటను గూర్చి చెప్పునప్పుడు ఇడ్లీపిండిని ఉదాహరించినచో, బాలురు ఇంటికి పోయి గిన్నె మూత తీసి చూతురు. చూచినవాడు ఎప్పుడో ఒకప్పుడు గరిటె పట్టును. తండ్రి పట్టియున్న ఇంట మఱింత త్వరగా పట్టును.

పదవ తరగతి పరీక్షలు ఎండలు ముదురకముందే ముగియును. ఆవకాయకు కాయ ముదురునప్పటికి బడులకు సెలవులు. టెంకతో కూడిన కాయను ముక్కలు కొట్టుట బలము గల పని గనుక తెలుగిండ్లలో ఆ ఒక్క దినము కత్తిపీట వద్ద మగవారు కూర్చుండు ఆచారము పెక్కు చోట్ల కలదు. ముక్కలు తుడిచి ఆరబెట్టుట, ఆవాలు ఎండబెట్టి దంచుట, కారము, ఉప్పు కొలిచి కలుపుట, నూనె పోయుట, జాడీకి గుడ్డ కట్టుట, మూడవనాడు తిరుగగలుపుట స్త్రీల వంతు. తిరుగగలిపిన పళ్ళెములో వేడి యన్నము కలుపగానే మొదటి ముద్ద కొఱకు చేయి చాచువారిలో ముక్కలు కొట్టినవారు ముందుందురు. ఈ యేడు ఆ పళ్ళెము ముందు కూర్చుండుటకు ముందు ఆవాలు దంచినవారెవరో, జాడీ కడిగి ఎండబెట్టినవారెవరో, ఆ మూడు దినములును ఏ పిల్ల సెలవులు అందు గడచినవో ఒక కాగితము మీద వ్రాసి చూచుట కష్టమేమియు కాదు. బియ్యము, పప్పు, గ్యాసు లెక్క వ్రాసిన కాగితము వెనుకవైపు ఎట్లును ఖాళీగనే యున్నది.